కార్డు మనది.. కొలువెవరిది?

1956 నవంబరు 1. ఈ తేదీ చెబితే తెలంగాణలో బడి పిలగానికి కూడా సంగతి తెలుసు. హైదరాబాద్ రాష్ట్రాన్ని తీస్కపోయి ఆంధ్రలో కలిపిన రోజు. ఏటా మనం నల్లజెండాలు ఎగరేసిన రోజు. కానీ అదే రోజు నుంచి ఇంకో ఉత్తర్వు కూడా అమల్లోకి వచ్చింది. దాని మీద మన సభల్లో ఎవరూ మాట్లాడలేదు, మన పాటల్లో దాని ఊసు లేదు. అప్పటిదాకా ఢిల్లీ చేతిలో ఉన్న ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల రోజువారీ పెత్తనాన్ని కేంద్రం ఆ రోజు నుంచే రాష్ట్రాలకు అప్పజెప్పింది. అంటే ఏమైనట్టు? మన ఊరి పిలగాని పేరు రిజిస్టర్‌లో రాసే చెయ్యి, ఆ పేరును ఏ ఆఫీసుకు పంపాలో తేల్చే చెయ్యి ఢిల్లీ నుంచి నేరుగా కొత్త ఆంధ్రప్రదేశ్ సర్కారుకు పోయింది. హైదరాబాద్ రాష్ట్రం ఆ పెత్తనం రుచి చూడకముందే మాయమైంది.

ఇంకో తేదీ చెబుతం. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు తెలంగాణ కొలువులకు స్థానికత షరతు పెట్టిన పార్లమెంటు చట్టం సెక్షన్‌ను కొట్టేసింది. కాలేజీలు బందయినయి, వీధుల్లో లాఠీలు, తూటాలు. నాలుగు రోజులు తిరగకముందే, ఏప్రిల్ 1 నుంచి, అవే ఎక్స్ఛేంజీల పైసల పెత్తనం కూడా పూర్తిగా రాష్ట్రానికే వచ్చింది. దీని వెనక ఎవరి కుట్రా లేదు. దేశమంతటికీ వర్తించిన ఏర్పాటే అది. కానీ కాకతాళీయం కూడా కొన్నిసార్లు మన మీదనే పడుతది.

మిత్రులారా, ముల్కీ మీద, ఆరు సూత్రాల మీద, 610 మీద, గిర్‌గ్లానీ మీద మనం మస్తు రాసుకున్నం, మస్తు చదువుకున్నం. జీవో నంబర్లు మన ఉద్యోగులకు ఎక్కాల లెక్క నోటికొస్తయి. కానీ కొలువుల పేరు మీదనే పెట్టిన శాఖ ఒకటుంది కదా, కార్మిక, ఉపాధి, శిక్షణ, కర్మాగారాల శాఖ, దాని కథ ఒక్కనాడన్నా కూర్చొని మాట్లాడుకున్నమా? కార్మిక శాఖ అంటే యూనియనోళ్ల యవ్వారం, ఉపాధి ఆఫీసు అంటే నిరుద్యోగుల బాధ అని పక్కన పెట్టినం. తప్పు మాది కూడా.

ఇప్పుడెందుకు ఎత్తుతున్నమంటే, 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వేతనాలు, సమ్మె హక్కు, పన్నెండు గంటల పని.. వీటి మీద యూనియన్లు మాట్లాడుతున్నయి, మాట్లాడాలె. కానీ సామాజిక భద్రతా కోడ్ మింగిన చట్టాల జాబితాలో ఒక పాత పేరు ఉంది: 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం. ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలని చెప్పిన చట్టం. దాని సావుకు ఒక్క నల్లబ్యాడ్జి లేదు, ఒక్క దినం భోజనం లేదు.

సిపాయిల కోసం పుట్టిన ఆఫీసు

కార్మిక శాఖ మన దేశంలో ముందు విడిగా లేదు. తెల్లదొరల కాలంలో పరిశ్రమలు, కార్మికులు ఒకే శాఖ కింద ఉండేవి. అంటే మిల్లు యజమాని గోడు, మిల్లు కూలీ గోడు ఒకే టేబుల్ మీద! 1937లో దాన్ని విడదీసి లేబర్‌కు ఒక శాఖ చేసిండ్రు. 1942 జూలైలో ఆ శాఖ బాబాసాహెబ్ అంబేద్కర్ చేతికి వచ్చింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా 1946 జూన్ దాకా ఆయన చేసిన పని మన పాఠ్యపుస్తకాల్లో ఒక లైను కూడా దాటదు. సర్కారు, యజమాని, కార్మికుడు ముగ్గురూ ఒక్క బల్ల చుట్టూ కూర్చొనే త్రైపాక్షిక సదస్సులు ఆయన హయాంలోనే మొదలైనయి. ఎనిమిది గంటల పని దినం మాట బల్ల మీదికి ఎక్కింది.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కూడా ఆ హయాంలోదే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోతున్నది. లక్షల మంది సిపాయిలు బారకుల నుంచి ఇండ్లకు రావాలె. వాళ్లకు పని చూపించకపోతే పుట్టి మునుగుతదని 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ పెట్టి, దాని కింద ఎక్స్ఛేంజీలు తెరిచిండ్రు. తర్వాత దేశం రెండు ముక్కలైంది, శరణార్థులొచ్చిండ్రు, వాళ్లకూ ఈ తలుపే చూపించిండ్రు. 1948లో పని అడిగే అందరికీ తలుపు తీసిండ్రు. 1952లో శివరావు కమిటీ వేసిండ్రు. పెత్తనం రాష్ట్రాలకు ఇయ్యాలని అది చెప్పింది. ఆ సిఫారసే 1956 నవంబరు 1న అమలైంది.

ఇందులో మనం గుర్తుపట్టాల్సిన మాట ఒకటుంది. పని కల్పించుడు సర్కారు బాధ్యత అని ఆ రోజు రాజ్యం ఒప్పుకున్నది. సిపాయిల భయంతో ఒప్పుకుంటే ఒప్పుకున్నది గాక, ఒప్పుకున్నది. ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏండ్ల చరిత్ర అంతా ఆ బాధ్యత నుంచి మెల్లగ జారుకున్న చరిత్రే.

కోరల్లేని చట్టం

1959 చట్టం 1960 మే 1న అమల్లోకి వచ్చింది. మేడే నాడు! ఏం చెప్పిందది? సర్కారు ఆఫీసులు, సర్కారు కంపెనీలు, పాతిక మందికి తక్కువ కాకుండా పనోళ్లున్న ప్రైవేటు కంపెనీలు, ఖాళీ వస్తే ముందు ఎక్స్ఛేంజికి చెప్పాలె. మూడు నెలలకోసారి ఎంతమంది ఉన్నరు, ఎన్ని ఖాళీలున్నయి అని ఈఆర్-1 అనే ఫారం నింపి పంపాలె. రెండేండ్లకోసారి ఈఆర్-2, ఏ పనిలో ఎవరున్నరని. వ్యవసాయం వద్దు, ఇండ్లల్ల పని వద్దు, మూడు నెలల్లోపు పని వద్దు, నెలకు అరవై రూపాయల లోపు జీతం అయితే వద్దు. అరవై రూపాయలు! ఆ అంకె అట్లనే చట్టంలో దశాబ్దాల తరబడి పడి ఉన్నది, దాన్ని దులిపి చూసినోడు లేడు.

చెప్పకపోతే ఏం శిక్ష? మొదటిసారి ఐదు వందల రూపాయల దాకా జరిమానా. మళ్లీ చేస్తే వెయ్యి. కేసు పెట్టాలన్నా పైనుంచి ముందే అనుమతి కావాలె.

అసలు కిటుకు వేరే ఉంది. అదే చట్టంలో ఒక క్లాజు: ఖాళీ ఉందని ఎక్స్ఛేంజికి చెప్పినంత మాత్రాన, ఎక్స్ఛేంజి పంపిన మనిషినే తీసుకోవాలని యజమాని మీద బలవంతం ఏమీ లేదు. చెప్పు, తీసుకోకపోయినా సరే. పెండ్లి సంబంధం ఉందని పేరయ్యకు చెప్పాలె గని, పిల్లను మాత్రం ఇష్టమున్నోడికి ఇచ్చుకోవచ్చు. కొత్త కోడ్‌లో ఎక్స్ఛేంజి పేరును కెరీర్ సెంటర్ అని మార్చిండ్రు. ఈ క్లాజును మాత్రం భద్రంగా మోసుకొచ్చిండ్రు.

అట్లని ఆ చట్టం ఉత్త కాయితమని మేము అనం. ఈఆర్-1 ఫారంలో ఒక బలం ఉండె. ఏ ఆఫీసులో ఎన్ని ఖాళీలున్నయో మూడు నెలలకోసారి సర్కారే రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వచ్చేది. ఖాళీల లెక్క అడిగితే ఇప్పుడు మంత్రికో నంబరు, ఆర్థిక శాఖకో నంబరు, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కో నంబరు. ఆ ఫారాలను జిల్లా వారీగా, క్యాడర్ వారీగా బయట పెట్టి ఉంటే 610 గొడవ సగం అక్కడనే తేలిపోయేది. పెట్టలేదు. మనమూ అడగలేదు.

ఎక్స్-10

మా తరం వాళ్లకు ఆ కార్డు యాదికి తెస్తే చాలు. ఎక్స్-10 అనేటోళ్లు. పదో తరగతి పాసైన ఎండకాలం మొదటి పని మార్కుల మెమో తెచ్చుకునుడు, రెండో పని జిల్లా కేంద్రానికి పోయి పేరు రాయించుకునుడు. ఊరి నుంచి తొలి బస్సు పట్టుకొని పోతే అప్పటికే లైను గేటు దాటి ఉంటుండె. మాలో ఒకరం జారీ అయిన కార్డు మీద మరకపడుతుందని పాలిథిన్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను దేవుని పటం వెనక పెట్టిన రోజులున్నయి. డిగ్రీ అయితే దాని మీద ఎక్కించాలె, టైపు పాసైతే ఎక్కించాలె. మూడేండ్లకోసారి రెన్యువల్. తేదీ దాటిందా, సీనియారిటీ గంగల కలిసినట్టే. మళ్లీ మొదటి నుంచి.

సీనియారిటీ! ఆ మాట మీద ఎన్ని ఇండ్లల్ల ఎన్ని ఆశలు బతికినయో. ఆరేండ్ల సీనియారిటీ ఉన్నది, వచ్చే ఏడాది కాల్ లెటర్ రావొచ్చని అమ్మలు చుట్టాలకు చెప్పుకునేటోళ్లు. మాలో ఒకరికి కాల్ లెటర్ వచ్చింది కూడా. ఇంటర్వ్యూ అయిపోయిన మూడు రోజులకు. పోస్టాఫీసు ముద్ర చూస్తే ఆఫీసు నుంచి బయలుదేరిందే ఇంటర్వ్యూకు ముందు రోజు. ఎవరిని అడగాలె? కౌంటర్ వెనక ఉన్న గుమాస్తా పాపం మంచోడే, 'మళ్లీ వస్తదిలే బిడ్డా' అన్నడు. రాలేదు.

ఆ లైన్లలో మేము ఇంకోటి కూడా చూసినం. ఊరు పేరు, బడి పేరు మనవే ఉండి, మనిషి మాత్రం మనకు తెలియని కార్డులు. ఇది మా అనుమానమని కొట్టిపారేసేటోళ్ల కోసం చెబుతున్నం: 1985 డిసెంబరు 30న వచ్చిన జీవో 610ను మళ్లోసారి కింది దాకా చదవండి. ఐదు, ఆరు జోన్లకు అక్రమంగా వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపు పంపాలన్న మాట అందరికీ తెలుసు. దానితో పాటు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల్లో బోగస్ రిజిస్ట్రేషన్ల మీద తమ దృష్టికొచ్చిన కేసుల్లో ఆయా శాఖలు చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉన్నది. సర్కారు తన చేత్తో తాను రాసుకున్న మాట అది. 58,962 మంది అనే లెక్కను మనం వెయ్యి సభల్లో చెప్పినం. కానీ దొడ్డిదారి ఎక్కడ మొదలైందో చూపించిన ఈ ఒక్క వాక్యాన్ని ఉద్యమం పెద్దగా పట్టించుకోలేదు.

ముల్కీ నుంచి కోర్టు దాకా

స్థానికుల కొలువుల కథ ఇక్కడ మొత్తం చెప్పం, మన పాఠకులకు కొత్త కాదు. 1919లో నిజాం ఫర్మానా, 1952లో ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ కాడ తూటాలు, 1956 ఫిబ్రవరి పెద్దమనుషుల ఒప్పందం. ఆ ఒప్పందానికి చట్టం రూపం ఇచ్చినట్టు పార్లమెంటు 1957లో చేసిన నివాస షరతు చట్టం, దాని కింద 1959లో రూల్స్. తెలంగాణలో కిందిస్థాయి కొలువుకు పదిహేనేండ్ల నివాసం ఉండాలె.

ఇక్కడ గమనించండి. 1959లోనే రెండు కాయితాలు. ఒకటి, కొలువు తెలంగాణోడికే ఇయ్యాలని చెప్పే రూల్స్. రెండోది, ఖాళీని ఎక్స్ఛేంజికి చెప్పాలనే చట్టం. ఈ రెండూ కలిసి పనిచేస్తే ఏ అక్రమమూ సాగకపోవు. ఎందుకంటే పదిహేనేండ్ల నివాసం ఉన్నదా లేదా అన్నది పేరు రాసే కాడనే తేలాలె. కానీ నివాసం చూసేది ఒక శాఖ, పేరు పంపేది ఇంకో శాఖ, కొలువు ఇచ్చేది మరో శాఖ. మధ్యల సందు. ఆ సందులోంచే పాల్వంచ థర్మల్ స్టేషన్ దాకా బయటోళ్లు నడిచిపోయిండ్రు. 1969 జనవరిలో అక్కడ అంటుకున్న నిప్పు ఖమ్మం మీదుగా ఉస్మానియా దాకా ఎట్ల వచ్చిందో చెప్పనక్కర లేదు. 369 మంది పిల్లలను ఉద్యమం లెక్కపెట్టుకున్నది.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినంక జిల్లా కొలువుల్లో 80 శాతం, జోనల్ నాన్‌గెజిటెడ్‌లో 70 శాతం అని లెక్క మారింది. కొలువు ఇచ్చేటప్పుడు స్థానికత చూస్తరు, బాగానే ఉంది. కానీ తాత్కాలిక నియామకాలకు దారి ఎక్స్ఛేంజి గేటులోంచే. తాత్కాలికంగా దూరినోడు కొన్నేండ్లకు రెగ్యులర్ అయితడు. ఉద్యోగ మిత్రులకు ఈ తొవ్వ మాకన్నా బాగా తెలుసు.

తర్వాత కోర్టులు. 1987లో సుప్రీంకోర్టు, సర్కారు కొలువులకు ఎక్స్ఛేంజి పంపినోళ్లనే తీసుకోవాలన్న ఆదేశం తప్పు కాదన్నది. 1996లో మాట మారింది. కృష్ణా జిల్లాలో ఎక్సైజ్ కొలువుల నుంచి పోయిన కేసు అది. ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకుంటే సరిపోదు, పేపర్లో కూడా ప్రకటించాలె, దరఖాస్తు పెట్టుకున్న అందరినీ చూడాలె అన్నది. ఇందులో న్యాయం లేదని మేము అనలేం. కార్డు లేనోడికి చదువు లేనట్టు కాదు కదా. బోగస్ కార్డుల ముచ్చట తెలిసినోళ్లం, ఆ తీర్పును తిట్టే హక్కు మాకు లేదు. కానీ తీర్పు తర్వాత జరిగింది ఏమిటంటే, ఎక్స్ఛేంజిని బాగుచేసే బదులు దాన్ని మరిచిపోయిండ్రు. పేపర్ ప్రకటన వచ్చింది. దానితోపాటు కోచింగ్ సెంటర్ వచ్చింది. అశోక్‌నగర్ వచ్చింది. దేవుని పటం వెనక కార్డు అట్లనే ఉండిపోయింది.

ఏజెన్సీల రాజ్యం

ఎక్స్ఛేంజికి అసలు దెబ్బ కోర్టులో తగల్లేదు. సచివాలయంలో తగిలింది. 1994లో రాష్ట్రం రెండో నంబరు చట్టం తెచ్చింది. డైలీవేజ్ మీద ఎవరినీ తీసుకోవద్దన్నది. కొలువు ఇవ్వాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా, లేకుంటే సెలక్షన్ కమిటీ ద్వారా, ఆ రెండూ కాని చోట ఎక్స్ఛేంజి పంపిన పేర్లలోంచే ఇవ్వాలన్నది. చూడటానికి ఎక్స్ఛేంజికి పట్టాభిషేకం. నిజానికి ఏమైంది? కొలువు అనే మాటనే వాడకుండా పని చేయించుకునే దారి వెతికిండ్రు. పని ఉంటది, మనిషి ఉంటడు, పోస్టు ఉండదు. జీతం ఇచ్చేది సర్కారే, కానీ ఏజెన్సీ చేతి మీదుగా. పేరు ఔట్‌సోర్సింగ్.

ఏజెన్సీకి ఈఆర్-1 ఫారం ఎవరడుగుతున్నరు? రాష్ట్రపతి ఉత్తర్వులు క్యాడర్‌కు వర్తిస్తయి. క్యాడర్ లేని పనికి లోకల్ ఎక్కడిది, నాన్‌లోకల్ ఎక్కడిది? ముల్కీ నుంచి 610 దాకా మనం గెలుచుకున్న ప్రతి కాయితాన్ని ఈ ఒక్క మాట పక్కకు నెట్టింది. ఆంధ్రోడని ఎవరినో వేలెత్తి చూపే అవసరం కూడా లేకుండా పోయింది. ఏజెన్సీ యజమాని మనోడే కావచ్చు. పీఎఫ్ కోసుకొని కట్టనోడు మన జిల్లా వాడే కావచ్చు.

ఇందులో ఎక్కిరింపు ఏందంటే, ఏజెన్సీల ఎంపానెల్‌మెంట్ నోటిఫికేషన్లు చాలా జిల్లాల్లో ఉపాధి అధికారి సంతకంతోనే వెలువడుతయి. నిరుద్యోగి పేరు రాసుకోవాల్సిన ఆఫీసు, నిరుద్యోగిని అమ్ముకునే కంపెనీల పేర్లు రాసుకునే ఆఫీసయింది.

కుర్చీలో మనోళ్లు

శాఖ మన చేతికి ఎప్పుడూ రాలేదని కూడా అనలేం. ఆల్విన్ కంపెనీలో కూలీగా బతుకు మొదలుపెట్టిన టి.అంజయ్య, కార్మిక నాయకుడై, ఢిల్లీలో కార్మిక శాఖ మంత్రి అయిండు, 1980లో ముఖ్యమంత్రి అయిండు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ కాడ కార్మిక శాఖ భవనానికి ఆయన పేరే ఉంది. ఆల్విన్ మాత్రం లేదు. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతబడ్డది. మిల్లు మూసే రోజు కార్మిక శాఖ చేసే పని ఒకటే, లెక్కలు సెటిల్ చేసే కాడ సాక్షిగా కూర్చునుడు.

2004 నవంబరులో కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ కె.చంద్రశేఖర్‌రావు చేతికొచ్చింది. ఉద్యమ నాయకుడు దేశం మొత్తం కార్మికుల శాఖకు మంత్రి. 2006 ఆగస్టులో తెలంగాణ కోసం ఆ కుర్చీని విసిరికొట్టి వస్తే మనం బ్యాండు కట్టి ఎదురుపోయినం. రాజీనామా గొప్పదే. కానీ ఆ 21 నెలల్లో ఎక్స్ఛేంజీల చట్టానికి కోరలు పెట్టాలని ఆయనకు ఒక్క వినతిపత్రం ఇచ్చిన సంఘం మనలో ఉన్నదా? మేమైతే ఇయ్యలేదు. నియామకాలు అని గోడలన్నీ నింపినోళ్లం, నియామకాల శాఖ మనోడి చేతిలో ఉన్నప్పుడు దాని తలుపు తట్టలేదు.

రాష్ట్రం వచ్చినంక 2014 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు దాకా మళ్లీ అదే శాఖ బండారు దత్తాత్రేయ చేతిలో ఉంది. 2015 జూలై 20న నేషనల్ కెరీర్ సర్వీస్ అనే పోర్టల్ మొదలైంది. పాత ఎక్స్ఛేంజీలను ఆన్‌లైన్‌లోకి తెస్తమన్నరు. అదే సమయంలో శిక్షణను, అంటే ఐటీఐలను, కార్మిక శాఖ నుంచి తీసి కొత్త నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖకు ఇచ్చిండ్రు. పని నేర్పేది ఒక శాఖ, పని చూపేది ఇంకో శాఖ. ఆ ఏడాది జూలైలో జరిగిన త్రైపాక్షిక కార్మిక సదస్సు తర్వాత ఏండ్ల తరబడి మళ్లీ ఆ సదస్సు పెట్టలేదు. అంబేద్కర్ వేసిన బల్ల దుమ్ము పట్టింది.

గల్ఫ్ సంగతి ఒక్క మాట. 1983 ఎమిగ్రేషన్ చట్టాన్ని 2004 దాకా చూసింది కూడా కార్మిక శాఖనే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పోరగాళ్లు ముంబై ఏజెంట్ల చేతిలో పడ్డ కాలమంతా ఆ శాఖ కాలమే. తర్వాత ఆ పని ప్రవాస భారతీయుల శాఖకు, 2016లో విదేశాంగ శాఖకు పోయింది. శాఖ మారింది, శవపేటికలు మారలేదు. ఇది వేరే వారం రాయాల్సిన ముచ్చట.

మన రాష్ట్రంలో

2014 జూన్ 2 నుంచి అడగాల్సిన మనిషి ఎదురుగనే ఉన్నడు. 2020 చివర్లో వేతన సవరణ కమిషన్ ఇచ్చిన నివేదిక ఏం చెప్పింది? మంజూరైన పోస్టులు 4,91,304. అందులో ఖాళీలు 1,91,126. వందకు దగ్గర దగ్గర నలభై. ఈ లెక్క ఉపాధి శాఖ నుంచి రాలేదని గుర్తుంచుకోండి. జీతాలు ఎంత పెంచాలో చూడటానికి వేసిన కమిషన్ పుణ్యాన బయటపడ్డది. 2022 మార్చిలో అసెంబ్లీలో ప్రకటించింది 80,039 కొలువులు. మిగిలినవి ఏమైనయి? రద్దయినయా, పదోన్నతులకా, ఏజెన్సీలకా? 2023 మార్చిలో ప్రశ్నపత్రాలు లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు అశోక్‌నగర్ గదుల్లో పిల్లలు పడ్డ గోస మనం కండ్ల చూసినం. సర్కారు మారింది. నియామక పత్రాల సభలు మళ్లీ మొదలైనయి. ఇచ్చిన కొలువుకు సంతోషమే. ఖాళీల పుస్తకం మాత్రం ఏ సర్కారూ తెరిచి పెట్టలేదు.

2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. 95 శాతం లోకల్, ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. మన పెద్దలు కలగన్నదానికంటే ఎక్కువే. కానీ 2021 డిసెంబరులో జీవో 317 పేరుతో ఉద్యోగులను జిల్లాలకు పంచినప్పుడు భార్యాభర్తలు చెరో జిల్లాల పడ్డరు, పుట్టిన జిల్లాలోనే నాన్‌లోకల్ అయినోళ్లున్నరు. ఏ జిల్లాలో ఏ క్యాడర్‌లో ఎంతమంది ఉన్నరు, ఎన్ని ఖాళీలున్నయి అనే నమ్మదగ్గ లెక్క ముందే బయట ఉంటే ఆ పంపకం అంత గుడ్డిగా జరిగేదా? ఆ లెక్క పెట్టుడే కదా ఈ శాఖ పుట్టినప్పటి పని.

ఐటీఐల మీద మాత్రం పైసలు పారుతున్నయి. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తమన్నరు. మంచిదే, మేము వద్దనం. డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి అని 'డీట్' యాప్ కూడా తెచ్చిండ్రు. ప్రైవేటు కొలువుల కోసం. దాన్ని చూసేది ఉపాధి శాఖ కాదు, పరిశ్రమల శాఖ. 1937కు ముందు తెల్లదొరల ఏర్పాటు గుర్తొచ్చిందా? మాకైతే వచ్చింది.

ఇక పాత చట్టం పోయింది. కోడ్ కింద రూల్స్ రాసే పని రాష్ట్రాలకూ ఉంటది. అక్కడనే మన పట్టు ఉండాలె. సర్కారు ఆఫీసుల ఖాళీల వివరం మూడు నెలలకోసారి క్యాడర్ వారీగా, జిల్లా వారీగా ప్రజలందరికీ కనిపించేట్టు పెట్టాలె. ఔట్‌సోర్సింగ్ మీద తీసుకునే ప్రతి మనిషి పేరు ఏజెన్సీ జేబులోంచి కాకుండా జిల్లా ఉపాధి ఆఫీసు రిజిస్టర్‌లోంచి, రిజర్వేషన్ రోస్టర్‌తో, లోకల్ షరతుతో రావాలె. చెప్పని ఆఫీసు పెద్దకు ఐదు వందల జరిమానా కాదు, సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా పడాలె. సంఘాల నాయకులు పీఆర్సీ చర్చలకు పోయినప్పుడు ఈ మాట కూడా బల్ల మీద పెట్టాలె. డీఏ ఎంతో మీకు లెక్క ఉన్నది, మీ పక్క కుర్చీ ఎన్నేండ్లుగ ఖాళీగ ఉన్నదో కూడా మీకే తెలుసు.

విద్యార్థి మిత్రులకు ఒక పని అప్పజెబుతున్నం. మీ జిల్లా ఉపాధి ఆఫీసుకు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు. పాత చట్టం రద్దు కాకముందు జిల్లాలో ఏయే సర్కారు ఆఫీసులు చివరిసారి ఈఆర్-1 ఎప్పుడు పంపినయి? పంపని వాటి మీద ఒక్క కేసైనా పెట్టిండ్రా? గత ఐదేండ్లలో జిల్లాలో ఔట్‌సోర్సింగ్ మీద పెట్టుకున్నోళ్లలో ఎంతమంది పేర్లు మీ రిజిస్టర్‌లో ఉన్నయి? వచ్చిన జవాబులు, రాకపోతే రాలేదన్న సంగతి, మాకు పంపండి. జిల్లా పేరు పెట్టి వరుసగా అచ్చేస్తం. జిల్లా ఆఫీసుకైతే దరఖాస్తు రుసుము పది రూపాయలు, ముప్పై రోజుల గడువు.